వరల్డ్ క్రూజ్ చేసొచ్చాం, కానీ దారం కొసలు కలవట్లేదు. ఇది భూప్రదక్షిణేనా?

అలల అంచు
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మావారూ నేనూ 118 రోజుల వరల్డ్ క్రూజ్ చేసొచ్చాం. జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఓడ ఎక్కాం. పసిఫిక్ దాటి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, సింగపూర్, కొలంబో, మారిషస్, కేప్‌టౌన్. అక్కడి నుంచి ఆఫ్రికా పడమటి తీరం వెంట పైకొచ్చి మే మొదట్లో సౌతాంప్టన్‌లో దిగాం. అసలు సూయజ్ మీదుగా వెళ్లాల్సింది, ఎర్ర సముద్రంలో దాడుల వల్ల దారి మార్చారు. చివరి రోజు రాత్రి కెప్టెన్ సంతకంతో ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద ప్రపంచ పటం, మేం తిరిగిన దారి బంగారు రంగు గీతగా. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం.

మొన్న మా మరిది వచ్చాడు. ఆ ఫ్రేము ముందు నిలబడి చాలాసేపు చూసి, "వదినా, ఈ పటంలో అమెరికా ఏది?" అన్నాడు. అప్పుడు చూశాం. పసిఫిక్‌ని మధ్యలో పెట్టి గీసిన పటం అది, కుడివైపు లాస్ ఏంజెలెస్ దాటాక కాగితమే అయిపోయింది! అమెరికా లేదు, అట్లాంటిక్ లేదు. గీత మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉంది. పిల్లల గదిలోంచి గ్లోబు తెచ్చి, కుట్టుపెట్టెలోంచి దారం తీసి మేం వెళ్లిన దారి మీద చుట్టాడు. రెండు కొసల మధ్య నా జానెడు ఖాళీ. "ఇది ప్రదక్షిణ కాదు వదినా, బాగా పెద్ద అర్ధచంద్రం" అన్నాడు.

ఇంత ఖర్చు పెట్టి, నాలుగు నెలలు నీళ్ల మీద ఉండి, ఇప్పుడిది ప్రపంచం చుట్టి రావడం కాదంటే ఎలా? మీరేమంటారు?

నత్తనడక
వినాయకుడు అమ్మానాన్నల చుట్టూ తిరిగిన కథ ఎవరూ చెప్పకండి. చెప్తారని తెలిసే ముందొచ్చి కూర్చున్నా.

దిక్సూచి
అమ్మా, మీ మరిదిగారిదే రైటు. గుడి చుట్టూ ముప్పాతిక వంతు తిరిగి పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చేస్తే ప్రదక్షిణ అంటామా? అనం కదా. ఇదీ అంతే.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. తెరచాప పడవల రికార్డులు చూసే వరల్డ్ సెయిలింగ్ స్పీడ్ రికార్డ్ కౌన్సిల్ ఉంది, వాళ్ల నియమాలు సూటిగా ఉంటాయి. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, రేఖాంశాలన్నీ దాటాలి, భూమధ్యరేఖ దాటాలి, దారి పొడవు కనీసం 21,600 నాటికల్ మైళ్లు ఉండాలి. ఆ అంకె ఎవరికో తోచి రాసింది కాదు, 360 డిగ్రీలు, డిగ్రీకి 60 మైళ్లు, గుణించుకోండి. మన లెక్కలో సుమారు 40,000 కిలోమీటర్లు.

మీరు మైళ్లలో పాసయ్యే ఉంటారు. కానీ లాస్ ఏంజెలెస్ 118 డిగ్రీల పశ్చిమం, సౌతాంప్టన్ దాదాపు ఒకటిన్నర పశ్చిమం. మధ్యలో 116 డిగ్రీలకు పైగా మీ ఓడ అడుగు పెట్టని భూగోళం ఉంది. అంటే మూడింట ఒక వంతు బాకీ.

మూడో డెక్
దిక్సూచి గారూ, ఆవిడ పడవ పందేనికి వెళ్లలేదండీ, క్రూజ్‌కి వెళ్లారు. రికార్డు నియమాలు తెచ్చి సెలవు మీద వెళ్లినవాళ్ల నెత్తిన పెట్టడమేంటి.

అలల అంచు గారూ, నేను ఇరవై ఏళ్లుగా ఓడలెక్కుతున్నా. వరల్డ్ క్రూజ్ అన్నది కంపెనీలు అమ్మే సరుకు పేరు, భూగోళ శాస్త్రంలో మాట కాదు. కొన్ని నిజంగా చుట్టొస్తాయి, ఎక్కిన చోటే దింపుతాయి. కొన్ని ఒక తీరంలో ఎక్కించి ఇంకో తీరంలో దింపుతాయి. ఇంకొన్ని పసిఫిక్‌లోకి వెళ్లి, నాలుగు దీవులు చూపించి, అదే దారిన వెనక్కొచ్చి కూడా అదే పేరు పెట్టుకుంటాయి! బ్రోషర్‌లో చూడాల్సింది రోజులు కాదు, మొదటి రేవు, చివరి రేవు. ఆ రెండూ ఒకటి కాకపోతే మధ్యలో ఏ సముద్రం మింగేశారో వెతుక్కోవాలి.

పాత పటాలు
ఒక చిన్న సవరణ. దిక్సూచి గారు సౌతాంప్టన్ నుంచి కొలిచారు. కానీ కేప్‌టౌన్ నుంచి ఆఫ్రికా పడమటి తీరం పట్టుకుని పైకి వచ్చే ఓడ డకార్ ముందు నుంచి రావాలి. ఆ కొన 17.5 డిగ్రీల పశ్చిమం, ఓడ ఇంకాస్త బయటి నుంచే వెళ్తుంది కాబట్టి 18 అనుకోండి. అంటే మీ ఓడ 18 పశ్చిమం దాకా వెళ్లి మళ్లీ తూర్పుకి జరిగి ఇంగ్లండ్ చేరింది. బాకీ 116 కాదు, సరిగ్గా 100.

అలల అంచు
అబ్బ, 16 డిగ్రీలు మాఫీ! ఈ మాట మా మరిదికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా.

గాలివాటం
నేను కాస్త కటువుగా మాట్లాడతా, ముందే క్షమించండి. తెరచాప పడవల మీద తిరిగేవాడిని. నన్నడిగితే 260 డిగ్రీలా 360 డిగ్రీలా అన్నది అసలు ప్రశ్నే కాదు. పన్నెండు అంతస్తుల హోటల్లో పడుకుని, పొద్దున లేచేసరికి కొత్త ఊరు కిటికీలో కనిపిస్తే అది ప్రయాణం అవుతుంది గానీ "నేను ప్రపంచం చుట్టి వచ్చాను" అనడానికి ఆ "నేను" ఏం చేసినట్టు?

జాషువా స్లోకమ్ 1895లో బోస్టన్ నుంచి స్ప్రే అనే చిన్న పడవలో ఒంటరిగా బయల్దేరి 1898లో తిరిగొచ్చాడు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్‌లో ఫాల్మత్ నుంచి బయల్దేరి ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా, 312 రోజులకి అక్కడికే చేరాడు. ఆ పడవ సుహైలి మన బొంబాయిలో కట్టిందే. మన నౌకాదళం ఆడవాళ్లు ఆరుగురు 2017-18లో తారిణి అనే తెరచాప పడవ మీద వెళ్లొచ్చారు. ఆఫ్రికా కింద గుడ్ హోప్, ఆస్ట్రేలియా కింద ల్యూవిన్, దక్షిణ అమెరికా కింద హార్న్, మూడు అగ్రాలూ చుట్టి. కాలువల్లోంచి సందు చూసుకుని దూరిపోవడం కాదు.

ఇంజిన్ గది
గాలివాటం గారికి ఒక ప్రశ్న. నేను సరుకు ఓడల్లో ఇంజినీరుగా ముప్పై ఏళ్లు చేశాను. 1980ల్లో ప్రపంచం చుట్టూ తిరిగే కంటైనర్ సర్వీసులు ఉండేవి, ఒకే దిక్కుకి పోతూనే ఉండేవి, పనామా, సూయజ్, మళ్లీ పనామా. ఒక కాంట్రాక్టులో రెండు చుట్లు పూర్తిగా తిరిగా. ఓడని నడిపించింది మా ఇంజిన్లే కదా, మీ లెక్కన "నేను" ఉన్నట్టే.

కానీ నేను చూసిందేంటో తెలుసా? పనామా అంటే నాకు గుర్తున్నది టెలిగ్రాఫ్ గంట, పైనుంచి ఇంజిన్ గదికి ఆజ్ఞలు పంపేది. పైన లాకుల్లో నీళ్లు నిండి ఓడ 26 మీటర్లు పైకి లేస్తోందని అందరూ డెక్ మీద నిలబడి చూస్తుంటే, నేను కింద 45 డిగ్రీల వేడిలో చెవులకి మఫ్లు పెట్టుకుని గేజులు చూస్తున్నా. స్లో ఎహెడ్, స్టాప్, స్లో ఎహెడ్, స్టాప్. సముద్రం మారిందని నాకెలా తెలిసేదంటే, కూలింగ్‌కి తీసుకునే సముద్రపు నీటి ఉష్ణోగ్రత మారేది. అంతే. మా ఆవిడకి ప్రపంచ పటం మీద చూపించడానికి నా దగ్గర రెండు పూర్తి చుట్లు ఉన్నాయి, చెప్పడానికి ఒక్క ఊరు లేదు.

ఈ అమ్మగారు 260 డిగ్రీలు కళ్లారా చూసొచ్చారు. ఎవరిది ప్రదక్షిణ?

నత్తనడక
ఇంజిన్ గది గారూ, ఆ నీటి ఉష్ణోగ్రత మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానండీ.

మూడో డెక్
ఇప్పుడు నా గొడవ వినండి. 2010లో నేను పూర్తి చుట్టు చేశా, ఎక్కిన బెర్తులోనే దిగా. పనామా, హొనొలులు, యొకొహామా, హాంకాంగ్, సింగపూర్, కొలంబో, సూయజ్, జిబ్రాల్టర్, మళ్లీ మొదటికి. 360కి 360. కానీ దిక్సూచి గారు చెప్పిన నియమాలు చదివాక గుండెల్లో రాయి పడింది. ఈ దారి మొత్తంలో భూమధ్యరేఖ ఎక్కడ దాటాను? ఎక్కడా దాటలేదు! సింగపూర్ ఉత్తరానికి డిగ్రీ పావు పైన ఉంది, గట్టిగా 140 కిలోమీటర్లు ఉండదు. అక్కడిదాకా వెళ్లి ఉత్తరార్ధగోళంలోంచి కాలు బయట పెట్టకుండా తిరిగొచ్చా.

నిజం చెప్పాలంటే అప్పుడే అనుమానం వచ్చింది. భూమధ్యరేఖ దాటేటప్పుడు ఓడల్లో నెప్ట్యూన్ వేషం కట్టి, మొదటిసారి దాటేవాళ్ల చేత చేపని ముద్దు పెట్టించి నీళ్లలో తోసే తంతు ఉంటుంది. అది మా ఓడలో జరగలేదేంటని అప్పట్లో సిబ్బందిని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

దిక్సూచి
అయితే నియమం ప్రకారం మీదీ చెల్లదు, ఆవిడదీ చెల్లదు. ఆవిడ భూమధ్యరేఖ నాలుగుసార్లు దాటారు చూడండి. న్యూజిలాండ్‌కి దిగేటప్పుడు ఒకటి, సింగపూర్‌కి ఎక్కేటప్పుడు రెండు, మారిషస్‌కి దిగేటప్పుడు మూడు, డకార్ వైపు ఎక్కేటప్పుడు నాలుగు. మీకు రేఖాంశాలన్నీ ఉన్నాయి, రేఖ లేదు. ఆవిడకి రేఖ ఉంది, రేఖాంశాలు లేవు.

గాలివాటం
రేఖ ఎందుకు పెట్టారంటే, లేకపోతే దొంగదారి ఉంది. ధ్రువం దగ్గరికి వెళ్తే రేఖాంశాలన్నీ ఒకచోట ముడిపడి ఉంటాయి. దక్షిణ ధ్రువంలో అమెరికా వాళ్ల స్టేషన్‌లో ఏటా క్రిస్మస్‌కి "రేస్ అరౌండ్ ద వరల్డ్" పెట్టుకుంటారు, ధ్రువం చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లు పరిగెత్తితే రేఖాంశాలన్నీ దాటేసినట్టే. అందుకే దూరం షరతు కూడా పెట్టారు. ఆ షరతు ఎంత గట్టిదంటే, 2010లో జెస్సికా వాట్సన్ పదహారేళ్ల పిల్ల, ఆగకుండా, ఒంటరిగా, సిడ్నీ నుంచి సిడ్నీకి 210 రోజుల్లో చుట్టొచ్చింది. భూమధ్యరేఖా దాటింది. అయినా లెక్కలు కట్టేవాళ్లు కూర్చుని, దగ్గరి దారిలో కొలిస్తే 21,600కి తక్కువొచ్చిందని పేచీ పెట్టారు. హార్న్ చుట్టిన పిల్లని! అది చదివినప్పుడు మాత్రం నాకూ ఈ నియమాల మీద విసుగొచ్చింది.

దిక్సూచి
ఆ అమ్మాయి చుట్టి రాలేదని ఎవరూ అనలేదండీ. రికార్డు పుస్తకానికి సరిపోదన్నారంతే. రెండూ వేరు.

మూడో డెక్
ఇదే మాట నేను మొదట్లో చెప్తే ఒప్పుకున్నారా మీరు?

పాత పటాలు
చరిత్ర వైపు నుంచి ఇంకో సంగతి. "మొదట ప్రపంచం చుట్టింది ఎవరు" అంటే బడిలో మనం మెగెల్లాన్ అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆయన 1519లో అయిదు ఓడలతో పడమరకి బయల్దేరి, 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దగ్గర యుద్ధంలో చచ్చిపోయాడు. తిరిగొచ్చింది విక్టోరియా ఒక్కటే, 1522 సెప్టెంబర్‌లో, ఎల్కానో నాయకత్వంలో 18 మంది.

అయితే మెగెల్లాన్ అంతకు పదేళ్ల ముందే, పోర్చుగీసు వాళ్లతో కలిసి తూర్పు దారిలో ఇప్పటి మలేషియాలోని మలక్కా దాకా వెళ్లాడు, 1511 దాడిలో ఉన్నాడు. మలక్కా 102 తూర్పు, మక్తాన్ 124 తూర్పు. తూర్పు నుంచి ఒకసారి, పడమర నుంచి ఒకసారి వచ్చి, మధ్యలో 22 డిగ్రీలు మిగిల్చి పోయాడు. అలల అంచు గారూ, మెగెల్లాన్‌కే బాకీ ఉంది, మీరు దిగులు పడకండి.

ఆయన దగ్గర ఎన్రికే అని ఒక బానిస ఉండేవాడు, మలక్కాలో దొరికినవాడు. ఆయనతో యూరప్ వెళ్లి, ఆ ఓడలోనే పడమరగా తిరిగి ఫిలిప్పీన్స్ చేరాడు. యజమాని పోయిన కొన్ని రోజులకి రికార్డుల్లోంచి మాయమయ్యాడు. అక్కడి నుంచి ఆ కాస్త దూరం దాటి ఇంటికి పోయి ఉంటే ప్రపంచం చుట్టిన మొదటి మనిషి అతనే. ఏ సర్టిఫికెట్టూ లేకుండా.

ఇంజిన్ గది
బాగా చెప్పారు. ఓడలో పనివాళ్ల లెక్క ఎప్పుడూ ఇంతే.

అలల అంచు
ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు. ఒక అనుమానం. మేం లాస్ ఏంజెలెస్‌కి వెళ్లింది లండన్‌లో విమానం మారి, అట్లాంటిక్ మీదుగా. తిరిగి దిగింది సౌతాంప్టన్‌లో. అంటే ఇంగ్లండ్ నుంచి పడమరకి వెళ్లి ఇంగ్లండ్‌కే పడమర దారిన వచ్చాం కదా. ఓడ చుట్టకపోయినా మనుషులం చుట్టొచ్చినట్టేనా?

ఇంకోటి. తేదీ రేఖ దాటిన రాత్రి బుధవారం పడుకుని శుక్రవారం లేచాం. మావారి మాత్రల డబ్బాలో వారానికి ఏడు గదులుంటాయి, గురువారం గది నిండుగా అలాగే ఉండిపోయింది. మాత్ర మానకూడదు కాబట్టి శుక్రవారం నాడు గురువారం గది తెరిచాం, శనివారం నాడు శుక్రవారం గది. అలా సౌతాంప్టన్ దాకా డబ్బా ఒక రోజు వెనకే నడిచింది. ఇప్పటికీ సరిచేయలేదు ఆయన.

దిక్సూచి
ఆగండాగండి. ఇది చాలా పెద్ద సాక్ష్యం. ఓడలో గడియారం మార్చమని కార్డులు పెట్టేవారా? ఎన్ని గంటలు మార్చారో గుర్తుందా?

అలల అంచు
కార్డులన్నీ దాచాను! రాత్రి దుప్పటి మడిచి దిండు మీద పెట్టేవారు, "ఈ రాత్రి ఒక గంట వెనక్కి" అని. అర్ధగంటవీ కలిపి ఇప్పుడే లెక్కేశాను. వెనక్కి తిప్పినవి మొత్తం 18 గంటలు, ముందుకి తిప్పినవి 3. నికరంగా 15 గంటలు వెనక్కి.

దిక్సూచి
చూడండి ఇక. పడమరకి పోతుంటే రోజూ కాస్త కాస్త గంటలు మిగులుతాయి. చుట్టు పూర్తయ్యేసరికి మిగిలినవి 24 గంటలు అవ్వాలి, ఆ 24కి బదులుగానే తేదీ రేఖ మీ గురువారాన్ని పట్టుకుపోయింది. మీకు ఓడలో 15 మిగిలాయి. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ విమానంలో 8 మిగిలాయి. మొత్తం 23. ఆ మిగతా ఒక్క గంట ఎక్కడికి పోయింది?

పాత పటాలు
వేసవి గంట! వెళ్లింది జనవరిలో, దిగింది మేలో. మార్చి నెలాఖరున ఇంగ్లండ్ గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు. 23 ప్లస్ 1, సరిపోయింది.

దిక్సూచి
సరిపోయింది. అమ్మా, మీ మాట నిజం, మీ ఒంటికి సంబంధించినంతవరకు చుట్టు పూర్తయింది. గడియారం అబద్ధం చెప్పదు. నేను మొదట చెప్పిన దాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. మనిషి చుట్టొచ్చారు, సముద్రం మీదే బాకీ.

పాత పటాలు
ఆ మాత్రల డబ్బా గురించి. 1522 జూలైలో విక్టోరియా కేప్ వెర్డే దీవుల దగ్గర ఆగింది. రోజూ డైరీ రాస్తూ వచ్చిన పిగఫెట్టా తన లెక్కలో ఆ రోజు బుధవారం అనుకున్నాడు, ఒడ్డున గురువారం అన్నారు. ఒక్క రోజూ మానకుండా రాశాను కదా అని తల పట్టుకున్నాడు పాపం. మావారి డబ్బా అన్నారే, అచ్చం అదే సంగతి. ఆ రోజుల్లో తేదీ రేఖ లేదు కాబట్టి రోజు మధ్య సముద్రంలో పోకుండా చివర్లో పోయింది.

నత్తనడక
అంటే వాళ్లాయన డబ్బా ప్రకారం ఇప్పటికీ కేప్ వెర్డేలోనే ఉన్నారు.

గాలివాటం
విమానం కలిపి చుట్టు అంటే మాత్రం ఒప్పుకోను. అలాగైతే వారంలో టికెట్లు కొనుక్కుని ఎవరైనా చుట్టేస్తారు.

పాత పటాలు
మరి రైలు కలిపితే? 1909 అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్ అనే జర్మన్ ఓడ న్యూయార్క్ నుంచి వందల మంది యాత్రికులతో తూర్పుగా బయల్దేరింది. సూయజ్ మీదుగా ఆసియా అంతా తిరిగి 1910 జనవరి నెలాఖరుకి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడితో ఓడ పని అయిపోయింది. పనామా కాలువ తెరిచింది 1914లో కదా, అప్పటికి దారి లేదు. న్యూయార్క్ వాళ్లు రైలెక్కి ఇంటికి పోయారు. దాన్ని ప్రపంచ యాత్ర అనే అన్నారు, ఎవరూ కాదనలేదు. ఒకే ఓడలో మొదటి పూర్తి వరల్డ్ క్రూజ్ అని ఎక్కువమంది చెప్పేది 1922లో న్యూయార్క్ నుంచి బయల్దేరిన లకోనియా. అంటే క్రూజ్ అనే అలవాటే అలల అంచు గారిలాగా ఒక ముక్క భూమ్మీద పూర్తి చేసుకోవడంతో మొదలైంది.

2020లో కోస్టా డెలిజియోజా కూడా గుర్తు చేసుకోండి. జనవరిలో వెనిస్‌లో బయల్దేరి పడమరగా వెళ్లింది. కోవిడ్‌తో రేవులన్నీ మూసేస్తే ఆస్ట్రేలియా తర్వాత అయిదు వారాలు ఎవరూ నేల మీద కాలు పెట్టకుండా వచ్చి ఏప్రిల్‌లో జెనోవాలో ఆగింది. వెనిస్ కాదు, జెనోవా. దిక్సూచి గారి కొలబద్ద పెడితే వాళ్లూ ఫెయిలే.

దిక్సూచి
ఇటలీ కాలు అటువైపు నుంచి ఇటువైపుకి. ఆ మాత్రం వదిలేస్తాలెండి. వెనిస్‌కి పడమరనే ఉంది కాబట్టి రేఖాంశాలకి లోటు... ఆ, మూడు డిగ్రీలకి పైగా అదనంగానే తిరిగారు, వాళ్లు పాస్.

మూడో డెక్
అలల అంచు గారూ, ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇంతకు ముందు ఇంకేమైనా క్రూజ్ చేశారా? అమెరికా వైపు?

అలల అంచు
2016లో ఒకటి చేశామండీ, పదిహేను రోజులది. ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి పనామా కాలువ మీదుగా లాస్ ఏంజెలెస్. ఎందుకు?

మూడో డెక్
ఎందుకా!! ఫోర్ట్ లాడర్‌డేల్ 80 పశ్చిమం. అక్కడి నుంచి 118 దాకా మీ సొంత ఓడ గీత ఉంది, అదీ పడమరకే. 38 డిగ్రీలు తీర్చేశారు. ఇంకా మిగిలింది 18 నుంచి 80, అంటే 62. అట్లాంటిక్ ఒక్కటే.

దిక్సూచి
వేరే ఏడాది, వేరే ఓడ. ఒక చుట్టులో కలపొచ్చా?

పాత పటాలు
స్లోకమ్ మూడేళ్లు తీసుకున్నాడు, రేవు రేవునా ఆగాడు. మెగెల్లాన్‌కి తూర్పు ముక్క ఎప్పటిదో కలిపి లెక్క కట్టింది ఇందాక మనమే.

దిక్సూచి
సరే. కానీ పనామాలో ఒక మెలిక ఉంది, చెప్పకుండా ఉండలేను. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి వెళ్తున్నాం కాబట్టి పడమరకి పోతున్నాం అనుకుంటారు అందరూ. అక్కడి నేల మెలి తిరిగి ఉంటుంది. కాలువ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి తవ్వారు. పసిఫిక్ గుమ్మం అట్లాంటిక్ గుమ్మం కంటే తూర్పున ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క రోజు మీరు వెనక్కి నడిచారు. లెక్కకి నష్టం లేదు, తర్వాత ఎలాగూ పడమరకే పోయారు.

ఇంజిన్ గది
ఇన్నేళ్లు ఆ కాలువలో తిరిగి ఈ సంగతి ఇప్పుడు తెలుసుకున్నా. కింద కిటికీలుండవు మరి.

నత్తనడక
ప్రదక్షిణ అంటే కుడిచేతి వైపు దేవుడు ఉండాలి కదా. ఆవిడ పడమరకి వెళ్లారు, కుడిచేతి వైపు ఉత్తర ధ్రువం. సరైన ప్రదక్షిణే. మరి గాలివాటం గారి జాతి అంతా గాలి వెనక నుంచి తోస్తుందని దక్షిణ సముద్రంలో తూర్పుకి పోతారు. అది అప్రదక్షిణం అవ్వదూ?

గాలివాటం
కాదు. దక్షిణార్ధగోళంలో తూర్పుకి పోతుంటే కుడిచేతి వైపు ఉండేది అంటార్కిటికా. మేం దాని చుట్టూ తిరుగుతాం. దక్షిణం అంటేనే కుడి.

నత్తనడక
ఈ సమాధానం కోసం మీరు ఇంతకు ముందు అన్న మాటలన్నీ క్షమించేశా.

మూడో డెక్
అలల అంచు గారూ, 62 డిగ్రీలు తీర్చడం చాలా తేలిక. ఎండాకాలమంతా మధ్యధరాలో తిరిగిన ఓడలు అక్టోబర్, నవంబర్‌లో కరేబియన్‌కి మారతాయి. ఓడ ఎలాగూ వెళ్లాలి కాబట్టి ఈ ట్రిప్పులు రోజు లెక్కన మామూలు వాటికంటే చవగ్గా వస్తాయి. బార్సిలోనాలో ఎక్కితే, దారిలో కెనరీ దీవులు, తర్వాత వారం పాటు నీళ్లు తప్ప ఏమీ ఉండదు, ఫ్లోరిడాలో దిగడం. ఫోర్ట్ లాడర్‌డేల్‌కే వెళ్లేది చూసుకోండి, 2016లో ఎక్కిన రేవులోనే దిగితే దిక్సూచి గారు కూడా నోరెత్తలేరు. పైగా పడమర ప్రయాణం, గడియారం వెనక్కి తిప్పిన రోజుకి 25 గంటలు. తూర్పుకి వచ్చే వసంతకాలం ట్రిప్పు మాత్రం ఎక్కకండి, రోజూ ఒక గంట నిద్ర కోసేస్తారు, పైగా దిక్కు కూడా తప్పు.

దిక్సూచి
ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగితే నోరెత్తను. భూమధ్యరేఖ నాలుగుసార్లు అయ్యింది, రేఖాంశాలు మొత్తం, దిక్కు ఒకటే. దగ్గరుండి ఒప్పుకుంటా. మూడో డెక్ గారూ, మీ రేఖ సంగతి ఏం చేస్తున్నారు మరి?

మూడో డెక్
సింగపూర్ నుంచి కిందికి ఏవో మూడు రోజుల ట్రిప్పులు చూస్తున్నా. నెప్ట్యూన్ తంతు ఉంటుందా అని ముందే రాసి అడిగా.

గాలివాటం
ఆ నీళ్లు తప్ప ఏమీ లేని వారం ఉంటుందే, అందులో ఒక్క రాత్రి మూడింటికి లేచి పై డెక్ మీదికి వెళ్లండి, దీపాలకి దూరంగా ముందుకి వెళ్లి నిలబడండి. నేను ఇంతకు ముందు "మీరేం చేశారు" అన్నాను కదా. ఇది చేయండి.

అలల అంచు
తప్పకుండా వెళ్తానండీ. మావారికి ఈ చర్చంతా మొదటి నుంచి చదివి వినిపించాను. 62 డిగ్రీలు అనగానే కేలండర్ తెచ్చారు. నవంబర్‌కి బుక్ చేస్తున్నాం, బార్సిలోనా నుంచి ఫోర్ట్ లాడర్‌డేల్. డబ్బా మాత్రం సరిచేయరట, "తీరా చుట్టు పూర్తయ్యాక చూద్దాం" అంటున్నారు.

మరిదికీ చెప్పాను. రెండో ముక్క దారం పనామా మీదుగా చుట్టి లాస్ ఏంజెలెస్ దగ్గర మొదటి దారానికి ముడి వేశాడు. డకార్ దగ్గర ఒక కొస, ఫ్లోరిడా దగ్గర ఒక కొస గుండుసూదులకి కట్టి గ్లోబు మా హాల్లోనే వదిలి వెళ్లాడు, ఎవరూ ముట్టుకోవద్దని. దుమ్ము దులిపేటప్పుడు అట్లాంటిక్ పక్కన జాగ్రత్తగా దులుపుతున్నా.